మన పాటకు ఏ మైకు కావాలి?



మన హాస్టల్ వార్షికోత్సవం సందర్భంగా పూర్వ విద్యార్థులందరం కలిసి ఒక మంచి రికార్డింగ్ మైకు కొనివ్వాలని అనుకుంటున్నాం. నాట్ల మిషన్లు వచ్చాక మన అమ్మలు, నాయనమ్మలు పొలంలో పాడే సందర్భమే తగ్గిపోయింది. ఆ పాటలు వాళ్లతోనే పోకుండా హాస్టల్ పిల్లలే రికార్డు చేసి దాచాలన్న ఆలోచన గొప్పది. అయితే ఏ మైకు కొనాలన్న దగ్గరే మాట తేడా వస్తోంది.

పెద్ద స్టూడియోల్లో ఉండే న్యూమన్ యు 87 కొనాలని కొందరు అన్నలు అంటున్నారు. 1967లో వచ్చిన ఈ జర్మనీ మైకుకు నేటికీ తిరుగులేని పేరుంది. ధర లక్షల్లో ఉంటుంది. "ఎప్పుడూ మనకు పాత పుస్తకాలు, విరిగిన బల్లలేనా? ఒక్కసారైనా అందరికంటే మంచిది మనకెందుకు వద్దు?" అని వారు అడుగుతున్నారు. ఇళ్లలో డిగ్రీ దాకా వచ్చిన మొదటి తరం వాళ్లం మేము. ఆ బాధ మాకు తెలుసు. మంచిదే కొనాలి. కానీ ఏది మంచిదో మన గది, మన గొంతు చెప్పాలి. ధర కాదు.

యు 87 కండెన్సర్ రకం మైకు. అందులో చాలా పలుచని పొర, దాని వెనుక లోహపు పలక ఉంటాయి. 48 వోల్టులు అందిస్తేనే పనిచేస్తుంది. గొంతులోని సన్నని జీర కూడా పట్టుకుంటుంది. అదే చెవితో ఫ్యాను హోరు, బకెట్ల చప్పుడు, రోడ్డు మీద లారీ మోత కూడా పట్టుకుంటుంది. స్టూడియోలో గోడలే చప్పుడును ఆపుతాయి. మన గదుల్లో రేకులు, సిమెంటు గోడలు మాట మాటనూ తిరిగి కొడతాయి. పైగా దుమ్ము, తేమ దానికి పడవు.

డైనమిక్ మైకులో అయస్కాంతం మధ్య తీగచుట్ట కదులుతుంది. నోటికి జానెడు దూరంలోపే పెట్టి పాడాలి, దూరపు చప్పుడు తక్కువగా వింటుంది. డప్పు మోతకూ బెదరదు. ఇది తక్కువ రకమని అనుకోవద్దు. 1982 నాటి 'థ్రిల్లర్' ఆల్బంలో మైకేల్ జాక్సన్ గొంతు చాలావరకు షూర్ ఎస్‌ఎం7 అనే డైనమిక్ మైకు ముందే పలికింది. దాని తర్వాతి రూపం ఎస్‌ఎం7బి వేలల్లోనే వస్తుంది. దీని సిగ్నల్ బలహీనం కాబట్టి బాగా పెంచగల ఆడియో ఇంటర్‌ఫేస్ కొనాలి. గుంపు పాటను ఒక్క డైనమిక్ మైకు సరిగా పట్టలేదన్నదీ నిజమే. అందుకు తక్కువ ధరలో ఒక చిన్న కండెన్సర్ మైకు తోడుంటే చాలు.

ఇక్కడ జేమ్స్ వెస్ట్ గురించి చెప్పుకోవాలి. ఆయన 1931లో అమెరికాలోని వర్జీనియాలో నల్లజాతి కుటుంబంలో పుట్టారు. భౌతికశాస్త్రం చదివితే నల్లవాళ్లకు ఉద్యోగం రాదని ఇంట్లో భయపడ్డా అదే చదివారు. 1962లో బెల్ ల్యాబ్స్‌లో గెర్హార్డ్ సెస్లర్‌తో కలిసి ఎలక్ట్రెట్ మైకును రూపొందించారు. చవకగా తయారయ్యే ఆ మైకు టేప్ రికార్డర్లలో, ఫోన్లలో చేరి కోట్లమంది సామాన్యుల గొంతు విన్నది.

మా అసలు భయం మరొకటి. లక్షల వస్తువు హాస్టల్‌కు వస్తే ఏమవుతుందో మనందరికీ తెలుసు. పిల్లలు పాడుచేస్తారని బీరువాలో పెట్టి తాళం వేస్తారు. తనిఖీకి వచ్చినవారికి చూపించి మళ్లీ లోపల పెడతారు. తాళంలో ఉన్న మైకు ఏ అవ్వ పాట వింటుంది?

కాబట్టి మా సూచన ఇది. కొనేముందు రెండు రకాలూ అద్దెకు తెద్దాం. మన గదిలోనే ఒకే పాట, ఒకే గొంతు రికార్డు చేసి, శబ్దం సమానంగా పెట్టి, ఏది ఏ మైకో చెప్పకుండా పిల్లలకు వినిపిద్దాం. వారికి నచ్చిందే కొందాం. మిగిలిన డబ్బుతో స్టాండు, మంచి హెడ్‌ఫోన్లు కొని, గోడలకు మందపాటి బొంతలు కడదాం. ఏటా ఇద్దరు పిల్లలకు రికార్డింగ్ నేర్పిద్దాం. బీరువా తాళంచెవి కూడా వాళ్ల చేతికే ఇద్దాం.

అన్నలారా, అక్కలారా! పాటలు తెలిసిన పెద్దలు ఏటేటా తగ్గిపోతున్నారు. మైకు పేరు మీద వాదనతో ఇంకో ఏడాది పోగొట్టవద్దని మా మనవి.