‘త్రూ ప్రాపర్ ఛానల్’

ఓడ టిక్కెట్టు కొరకు కంప్యూటరు ముందు కూర్చున్న వేళ “మీ చిరునామా నుండి అభ్యర్థనలు మితిమీరినవి, కొంతసేపు ఆగి ప్రయత్నించండి” అన్న వాక్యం తెరపై ప్రత్యక్షమైతే ద్వీపవాసికి కలిగే మనఃక్లేశం ఇంతింత కాదు. ప్రధాన భూభాగంలో బస్సు తప్పితే మరొక బస్సు ఉంటుంది. మనకు విశాఖ ఓడ తప్పిపోతే పెండ్లికి అందుకోవలసిన ముహూర్తమూ, ఆసుపత్రిలో తీసుకొన్న తేదీ కూడా దానితోపాటే తప్పిపోతాయి. ఆ ఉదయం ఒక్క మీట అయినా నొక్కని ఇల్లాలిని పట్టుకొని “నీవు వందసార్లు వచ్చావు” అని యంత్రం ఎందుకు నిందిస్తుంది? ఈ మాసం ఈ ప్రశ్ననే విచారింపదలచినాము.

ఇంటర్నెట్‌లో ఒక కంప్యూటరు మరొకదానిని పలకరించినప్పుడు తన చిరునామాను అంకెలలో తెలుపుకొంటుంది. దీనినే ఐ.పి. అడ్రసు అంటారు. వెబ్ సర్వరు ఈ అంకెలను చూచియే లెక్క కడుతుంది: ఎవరు ఎన్నిసార్లు వచ్చారు, తప్పుడు పాస్‌వర్డు ఎవరు పదేపదే కొడుతున్నారు, ఎవరిని గుమ్మం బయట నిలుపవలెను అని. పద్ధతి మంచిదే. చిక్కు ఎక్కడంటే, సర్వరు ఎదుట నిలిచిన వ్యక్తి అసలు మనిషి కాక అతని తరఫున వచ్చిన మధ్యవర్తి కావడంలో. ఈ మధ్యవర్తినే ప్రాక్సీ అని వ్యవహరిస్తున్నారు.

ద్వీపాలలో ప్రాక్సీ అవసరం ఎంతటిదో పాతవారికి చెప్పనక్కరలేదు. 2020 ఆగస్టు 10వ తేదీన చెన్నై నుండి సముద్రగర్భ కేబుల్ ప్రారంభమయ్యే వరకు మన సమాచారమంతా ఉపగ్రహం మీదుగానే నడిచింది. సుమారు 36,000 కిలోమీటర్ల ఎత్తుకు పోయి దిగివచ్చే సంకేతానికి జాప్యం తప్పదు, దారి కూడా ఇరుకు. అటువంటి చోట ఒకరు తెచ్చుకొన్న పుటను దాచి ఉంచి, తరువాత అడిగినవారికి దానినే అందించే ప్రాక్సీ ఎంతో ఉపకారి. సుమారు 2,300 కిలోమీటర్ల కేబుల్‌ను బి.ఎస్.ఎన్.ఎల్. ఆధ్వర్యంలో పరచిన తరువాత స్వరాజ్ ద్వీప్, లిటిల్ అండమాన్, కార్ నికోబార్, కామోర్తా, గ్రేట్ నికోబార్ వంటి దీవులకు కూడా దారి విశాలమైనది. అయినా ప్రాక్సీలు తొలగిపోలేదు. అవి కేవలం ఇవతలి ఒడ్డు నుండి అవతలి ఒడ్డుకు మారినవి. నేడు పెద్ద సర్వర్లన్నింటి ముందూ ద్వారపాలకుల వలె బరువు పంచే యంత్రాలు, రక్షణ యంత్రాలు, నకళ్ళు దాచే యంత్రాలు నిలిచి ఉంటాయి. లోపలి సర్వరుకు కనిపించేది ఈ ద్వారపాలకుని ముఖమే. వేయిమంది వచ్చినా ఒక్కడే వేయిసార్లు వచ్చినట్లు తోస్తుంది.

మన సంస్థలోని వారికి దీనిని బోధపరచడం చాలా సులభం. ‘త్రూ ప్రాపర్ ఛానల్’ అన్న మాట ఎరుగని ఉద్యోగి ఉండడు కదా! క్యాంప్‌బెల్ బేలోని ఒక ఉద్యోగి బదిలీకి దరఖాస్తు పెట్టుకొన్నాడనుకొందాము. అక్కడి అధికారి “ఫార్వార్డెడ్” అని వ్రాసి సంతకం చేస్తాడు. శ్రీ విజయపురంలోని కార్యాలయం, అనగా 2024 సెప్టెంబరు వరకు మనం పోర్ట్‌బ్లెయిర్ అని పిలుచుకొన్న ఊరిలోనిది, దానిపై మరొక ముద్ర వేసి చెన్నైకి పంపుతుంది. చెన్నై గుమాస్తాకు ఎదురుగా కనిపించేది తపాలా తెచ్చిన మనిషే. కాని కాగితంపై ఉన్న ముద్రల వరుసను బట్టి అది ఎక్కడ పుట్టినదో అతడు గ్రహిస్తాడు.

ప్రాక్సీలు చేసేది అచ్చముగా ఇదే. తమ వద్దకు వచ్చినవారి చిరునామాను ‘ఎక్స్-ఫార్వార్డెడ్-ఫర్’ అన్న శీర్షిక క్రింద ఒకదాని ప్రక్కన ఒకటి చేర్చి పంపుతాయి. స్క్విడ్ అన్న ప్రాక్సీని నిర్మించినవారు మొదలుపెట్టిన ఈ ఆచారం ఎన్నో ఏండ్లు లాంఛనమైన ప్రమాణమేదీ లేకుండానే లోకమంతటా వ్యాపించినది. 2014లో ఆర్.ఎఫ్.సి. 7239 అన్న పత్రం ద్వారా ‘ఫార్వార్డెడ్’ అన్న పేరుతోనే ఒక ప్రమాణం ఏర్పడినది. మన ఆఫీసు భాష అక్కడికీ చేరినదని మేము కొంత ముచ్చటపడినాము.

ఇక్కడనే మోసానికి తావున్నది. దరఖాస్తుపై ముద్రలను ఎవరైనా ముందే వేసుకొని రావచ్చును కదా? ‘ఎక్స్-ఫార్వార్డెడ్-ఫర్’ కేవలం ఒక వ్రాత. ఇంట్లో కూర్చున్న ఏ కుర్రవాడైనా తన కంప్యూటరు నుండే ఆ వరుసలో తనకు తోచిన అంకెలు వ్రాసి పంపగలడు. ఒక ఉదాహరణను కొంచెం ఓపికతో పరిశీలింతము. 203.0.113.7 అన్న చిరునామా గల ఒక అపరిచితుడు ముందుగానే 127.0.0.1 అని వ్రాసుకొని వచ్చాడు. కంప్యూటర్ల భాషలో దానికి “నేను ఈ యంత్రంలోనివాడనే” అని అర్థం. వెలుపలి ప్రాక్సీ 198.51.100.23 తన కంటికి కనిపించిన 203.0.113.7ను దాని ప్రక్కన చేర్చినది. లోపలి ప్రాక్సీ 10.0.0.5 తనకు కాగితం అందించిన 198.51.100.23ను చేర్చి సర్వరుకు ఇచ్చినది. సర్వరు చేతికి వచ్చిన వరుస ఇది: 127.0.0.1, 203.0.113.7, 198.51.100.23.

అమాయకుడైన ప్రోగ్రామరు ఎడమ చివరనున్నదే అసలు మనిషి అనుకొంటాడు. పుస్తకాలలో సైతం “మొదటిది క్లయింటు” అని వ్రాసి ఉండడం అతని దోషం కాదు. ఫలితంగా అపరిచితుడు ఇంటివాడై, లోపలివారికి మాత్రమే తెరచుకోవలసిన పుటలలోకి ప్రవేశిస్తాడు. వివేకి అయిన గుమాస్తా కుడి నుండి చదువుతాడు. కాగితం అందించిన 10.0.0.5 మన మనిషేనా? అవును, కావున అతడు చేర్చిన చివరి వ్రాతను నమ్మవచ్చును. ఆ 198.51.100.23 మన జాబితాలో ఉన్నదా? ఉన్నది, కావున అది చేర్చిన 203.0.113.7ను కూడా నమ్మవచ్చును. ఈ 203.0.113.7 మన జాబితాలో ఉన్నదా? లేదు. అక్కడ ఆగవలెను. అదే అసలు చిరునామా. దానికి ఎడమన ఉన్నదంతా ఆ అపరిచితుని సొంత కవిత్వం.

అసలు కాగితం అందించిన మొదటి మనిషే మన జాబితాలో లేకపోతే వరుసను చదవనే కూడదు. అప్పుడు అతడే క్లయింటు.

పద్ధతి ఇంత సులభమైనా ఆచరణలో దెబ్బతినేది నమ్మకస్థుల జాబితా వద్దనే. ఇంజిన్‌ఎక్స్ అన్న సర్వరులోనూ, 2012లో వెలువడిన అపాచీ 2.4లోని ‘రిమోట్‌ఐపి’ అన్న భాగంలోనూ ఈ జాబితా వ్రాసుకొనే ఏర్పాటు ఉన్నది. పని తొందరలో “మన ఆఫీసులోని 10తో మొదలయ్యే చిరునామాలన్నీ నమ్మదగినవే” అని ఒక్క పంక్తి వ్రాసివేయడం కద్దు. దాని భావమేమి? అటెండరు బల్ల మీది కంప్యూటరు, క్యాంటీన్ బిల్లుల యంత్రం, శిక్షణకు వచ్చిన విద్యార్థి ల్యాప్‌టాప్ అన్నీ ఫార్వార్డు చేసే అధికారం గల సంతకాలైనట్లే. లోపలి నుండి ఎవరు ఏ పేరు వ్రాసి పంపినా చెల్లిపోతుంది. ప్రాక్సీ చిరునామాలను ఒక్కొక్కటిగా వ్రాయడం విసుగే. కాని మా అభిప్రాయంలో ఆ విసుగుకే జీతం ఇస్తున్నారు. బయటి సంస్థ ప్రాక్సీని అద్దెకు తీసుకొన్నచోట ఆ సంస్థ ప్రకటించే చిరునామాలు మారుతూ ఉంటాయి గనుక జాబితాను కూడా అప్పుడప్పుడు సరిచూడవలెను. అపాచీలో ఒక ముందుచూపు ఉన్నది: బయటి నమ్మకస్థుడు “నా వద్దకు వచ్చినవాడు 10.0.0.9” అని ఆంతరంగిక చిరునామా చెప్పితే దానిని అసలు చిరునామాగా అంగీకరించదు.

ఇక నమ్మవలసినవారిని నమ్మకపోతే ఏమవుతుందో చెప్పడానికి లోకప్రసిద్ధమైన సంఘటన ఒకటి ఉన్నది. 2007 నూతన సంవత్సర ప్రారంభ సమయాన ఆంగ్ల వికీపీడియా నిర్వాహకులు అల్లరి మార్పులు వస్తున్న ఒక చిరునామాను నిలిపివేశారు. అది ఒక ఆకతాయి చిరునామా కాదు. ఖతార్ దేశపు ఇంటర్నెట్ అంతా ఆ ఒక్క ప్రాక్సీ గుండానే వెలుపలికి వస్తున్నది! మన తెలుగువారెందరో పొట్టపోసుకొంటున్న ఆ దేశమంతా ఒక్కరి అల్లరికి కొన్ని గంటలపాటు, పేరు నమోదు చేసుకోకుండా వ్రాసే వీలును కోల్పోయినది. 2008 డిసెంబరులో బ్రిటన్‌లో కూడా ఇటువంటిదే జరిగినది. ఒక పుటను వడకట్టడానికి పలు సంస్థలు తమ వినియోగదారులను కొద్దిపాటి ప్రాక్సీల గుండా మళ్ళించగా, వికీపీడియాకు ఆ దేశంలో అసంఖ్యాకులు కొద్దిమందిగా కనిపించారు. నమ్మదగిన సంస్థల ప్రాక్సీలను జాబితా వేసుకొని, అవి చెప్పిన అసలు చిరునామాను స్వీకరించే ఏర్పాటు వికీపీడియా వారిది. చిన్న దేశానికి వచ్చినది చిన్న దీవికి రాదా? టిక్కెట్టు కొరకు కూర్చున్న ఇల్లాలి కథ ఇదే.

అసలు చిరునామా దొరికినదంటే మనిషి దొరికినట్లేనా? కాదని గట్టిగా చెప్పవలసి ఉన్నది, ఎందుకంటే ఇది ఉద్యోగుల ప్రతిష్ఠకు, ఒక్కొక్కప్పుడు జీవనోపాధికి సంబంధించిన మాట. పాత పద్ధతిలోని చిరునామాలు 2011 ఫిబ్రవరి నాటికి ప్రపంచ కేంద్ర నిల్వలో అయిపోయినవి. అప్పటి నుండి సేవాసంస్థలు ఒకే చిరునామాను అనేక ఇండ్లకు పంచడం అధికమైనది. 100.64తో మొదలయ్యే ఒక శ్రేణిని 2012లో ఈ పనికే ప్రత్యేకించారు. ఇట్టిచోట ప్రాక్సీ వ్రాసే ముద్ర కూడా ఉండదు. ఎవరు ఎవరో సేవాసంస్థ పుస్తకంలోనే ఉంటుంది, ఆ పుస్తకం తిరగవేయాలంటే పోర్టు సంఖ్య, కచ్చితమైన సమయం రెండూ కావలెను. సర్వర్లు వీటిని కూడా వ్రాసి ఉంచవలెనని 2011లోనే ఆర్.ఎఫ్.సి. 6302 సూచించినది. మరొక ముచ్చట: మన రాకపోకలు చెన్నై గుండా సాగుతున్నందున చిరునామాను బట్టి ఊరు చెప్పే పట్టికలలో ద్వీపవాసి చెన్నైవాసిగా కనిపించవచ్చును. “నీవు సెలవు పెట్టకుండా చెన్నైలో ఉన్నావు” అని ఆ పట్టికను చూపి ఎవరినైనా ప్రశ్నిస్తే అది అన్యాయమే.

సమయం సంగతి కూడా ఆలోచింపదగినదే. మన సూర్యుడు భారత ప్రామాణిక కాలానికి సుమారు 40 నిమిషాలు ముందే నడినెత్తికి వస్తాడు గాని గడియారం మాత్రం ఢిల్లీదే. యంత్రాల గడియారాలకు ఆ క్రమశిక్షణ కూడా లేదు. ఒకటి అయిదు నిమిషాలు ముందు, మరొకటి వెనుక. పంచుకొనే చిరునామాలో అయిదు నిమిషాల తేడా అంటే నేరం ఒక ఇంటి నుండి ప్రక్క ఇంటికి మారడమే. 2022 ఏప్రిల్ 28న సెర్ట్-ఇన్ జారీ చేసిన ఆదేశాలలో గడియారాలను ఎన్.ఐ.సి. లేదా జాతీయ భౌతిక ప్రయోగశాల వారి కాలంతో సరిచేసుకోవలెననీ, లాగ్‌లను 180 దినాలు భద్రపరచవలెననీ ఉన్నది. ఆ 180 దినాలూ భద్రపరచినది ద్వారపాలకుని చిరునామా ఒక్కటే అయితే ఏమి లాభమో మా కంప్యూటరు విభాగ మిత్రులే చెప్పవలెను.

“మీ చిరునామా నుండి” అన్న ఆరోపణతో ఎవరికైనా మెమో వస్తే గాభరాపడక నాలుగు విషయాలు వ్రాతపూర్వకంగా అడుగవచ్చును: ఆ చిరునామా కాగితం అందించినవానిదా, వరుసలో నుండి తీసినదా? వరుసను ఏ వైపు నుండి చదివినారు? నమ్మకస్థుల జాబితాలో ఏయే చిరునామాలు ఉన్నవి? సెకన్లతో సమయం, పోర్టు సంఖ్య ఎంత?

కొత్త పద్ధతి చిరునామాలు, అనగా ఐ.పి.వి.6, వచ్చినచోట ఇంటింటికీ వేరు చిరునామాలు ఇచ్చుకొనే సమృద్ధి ఉన్నది. దాని కథ వచ్చే సంచికలో.