ఆకాశ క్రీడలకు ముందు నేల సంగతి

ఐరోపాలో మంచు కురిసే నెలల్లో పారామోటార్ ఔత్సాహికులు వెచ్చని దేశాలకు తరలిపోతారు. వీపుకు కట్టుకొన్న చిన్న ఇంజిను, దానికో పంకా, తలపై వస్త్రపు రెక్క - ఇదే ఆ సాధనం. కొండతో పనిలేదు, చదునైన బయలు చాలు. ఈ శీతకాలపు అతిథులను ఆకర్షించటం 2022 జూన్‌లో కేంద్రం ప్రకటించిన జాతీయ వైమానిక క్రీడా విధానపు ఉద్దేశాలలో ఒకటి.

2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడిన తరువాత బతుకుతెరువుకై బెంగుళూరు రైలును నమ్ముకొన్న ఊరిగాం పరిసరాలకు ఇటువంటి మేళాలు ఆశ గొల్పవచ్చును. సముద్రమట్టానికి సుమారు 850 మీటర్ల ఎత్తున ఉన్న ఈ పీఠభూమిలో శీతకాలం తీవ్రం కాదు.

అయితే ఇక్కడి బయలు సామాన్యమైనది కాదు. బంగారం తీయగా మిగిలిన సైనైడు మట్టి 13 దిబ్బలుగా, సుమారు 3.3 కోట్ల టన్నుల మేర పేరుకొని ఉన్నది. గాలి వీచినపుడెల్లా ఆ ధూళి ఇళ్లలో చేరుతున్నది. ఇంజిను పంకాలు, జనసమ్మర్దం, వాహనాలు దానిని మరింత రేపగలవు. పైగా ఆ దిబ్బలను తిరిగి తవ్వేందుకు రాష్ట్ర మంత్రివర్గం 2024లో సమ్మతించింది.

తూర్పున కౌండిన్య అడవి నుండి కామసముద్రం వైపు ఏనుగులు వస్తుంటాయి. తక్కువ ఎత్తున మ్రోగే ఇంజిను మందను బెదరగొడితే నష్టపోయేది సరిహద్దు రైతు పైరే.

కనుక మైదానం దిబ్బలకు దూరంగా ఉండాలి. ఎగిరే మార్గాన్ని అటవీ శాఖతో కలిసి నిర్ణయించాలి. బస, భోజనం, వాహనాల పని స్థానికులకే దక్కాలి. ఈ మూడూ వ్రాతపూర్వకంగా తేలనిదే గ్రామాలు సమ్మతించటం వివేకం కాదు.