తేనెపెట్టె మీద మేడ ఎప్పుడు వెయ్యాలి?

మా పెరటి తేనెపెట్టెల సంగతి రాసిన దగ్గర్నుంచీ అందరిదీ ఒకటే ప్రశ్న. "పెట్టె నిండా ఈగలున్నాయి, తేనె మాత్రం గరిటెడు కూడా రావడం లేదు, ఎందుకండీ?" అని. చాలాసార్లు చోటు చాలకే అమ్మా! ఇది నేను ఒక గుంపును పోగొట్టుకుని నేర్చుకున్నాను.

2017లో మావారు "నీకెందుకీ కుట్టించుకునే సరదా" అని సణుగుతూనే రెండు పెట్టెలు తెచ్చిపెట్టారు. మాది కొబ్బరితోటల ఊరు, పూతకు కరువుండదు. తేనె అమ్మి పాప కాలేజీ ఫీజులో కొంతైనా కడతానని ఆయన దగ్గర గొప్పగా చెప్పేశాను. సంక్రాంతి దాటేసరికి ఒక పెట్టె కిటకిటలాడిపోయింది. సాయంత్రమైతే గుమ్మం దగ్గర ఈగలు గడ్డంలా వేలాడేవి. నేను మురిసిపోయి పక్కింటి వదినను పిలిచి మరీ చూపించాను. మా అత్తగారు దిష్టి కూడా తీశారు. నాలుగో రోజు ఎండెక్కాక సగం గుంపు రాణితో సహా లేచి పనసకొమ్మన వేలాడింది. నేను వంట ముగించుకుని వచ్చేసరికి అక్కడ ఒక్క ఈగ లేదు. ఆ ఏడు ఆ పెట్టెలో తేనే లేదు, ఫీజు మాట నేను మళ్ళీ ఎత్తలేదు.

అసలు జరిగేదేమిటంటే, కింది అరలో రాణి గుడ్లు పెడుతుంది, పిల్లలు పెరుగుతాయి. తేనెను అవి ఎప్పుడూ పిల్లలకు పైభాగంలోనే దాస్తాయి. పైన చోటు లేకపోతే గుడ్లు పెట్టాల్సిన గదుల్లోనే తేనె నింపేస్తాయి. రాణికి చోటు తగ్గుతుంది, గుంపు విడిపోయే ఆలోచనలో పడుతుంది. ఇంకో సంగతి. పువ్వు నుంచి తెచ్చే మకరందం చాలా పల్చన, నీళ్ళే ఎక్కువ. దాన్ని గదుల్లో కొంచెం కొంచెంగా పరిచి రెక్కలతో విసిరి చిక్కబరుస్తాయి. మనం వడియాలు ఒకే పళ్ళెంలో కుప్పగా పోస్తే ఎండుతాయా? అలాగే వాటికీ తయారైన తేనెకు కావలసిన చోటు కన్నా ఎక్కువ చోటే కావాలి.

మా పెట్టెల్లో కింద 8 చట్రాలుంటాయి. వాటిలో ఏడింటి మీద ఈగలు దట్టంగా పట్టి, పట్టుల పై అంచున కొత్త తెల్లమైనం కనబడితే తేనె అర పెట్టేయడమే. పట్టుల అడుగు అంచున వేరుసెనక్కాయల్లా రాణి గూళ్ళు వేలాడుతున్నాయంటే ఆలస్యమైనట్టే. రాణి పైకి ఎక్కి గుడ్లు పెట్టకుండా మధ్యలో రాణి జల్లెడ పెడతాం. కూలి ఈగలు దూరగలవు, పెద్దది కనుక రాణి దూరలేదు. మొదటి అర ముప్పాతిక నిండాకే రెండోది.

అలాగని తొందరా పనికిరాదు. మరుసటి ఏడు భయంకొద్దీ నేను వానాకాలంలోనే అర పెట్టేశాను. ఉన్న కాసిని ఈగలు అంత చోటు కాపలా కాయలేకపోయాయి. మైనపు పురుగు చేరి పట్టులన్నీ సాలెగూళ్ళలా అల్లి పాడుచేసింది. ఇల్లు పెద్దదైతే చాలదు కదా, ఊడ్చే మనుషులుండాలి! ఇప్పుడు పూత తగ్గగానే ఖాళీ అర తీసేసి, పట్టులకు పురుగు పట్టకుండా జాగ్రత్త చేసి దాస్తాను. వానల్లో పువ్వు లేనప్పుడు పంచదార, నీళ్ళు సమంగా కలిపి సాయంత్రం పూట పెడతాను. తేనె అర ఉన్నప్పుడు మాత్రం పెట్టకూడదు, ఆ పానకమే తేనెలో కలుస్తుంది.

మూడో ఏడు ఆ ఒక్క పెట్టెకే నాలుగు కిలోలు వచ్చింది. పట్టులో ముప్పాతిక గదులకు మైనం మూత పడ్డాకే తీశాను. మూత పడనిది తీస్తే నీరెక్కువై సీసాలో పులిసిపోతుంది. పై అరలోదే తీసి, కింది అరలోది వాటికే వదిలేశాను. పాప పరీక్ష ఫీజు ఆ డబ్బుతోనే కట్టాం. మావారు ఏమీ అనలేదు గానీ, మూడో పెట్టెకు స్టాండు తనే చేయించి, చీమలెక్కకుండా కాళ్ళకింద నీళ్ళ గిన్నెలు కూడా పెట్టారు.

ఒక చెల్లాయి పసిపాపకు తేనె నాకించవచ్చా అని అడిగింది. ఏడాది నిండేవరకూ వద్దమ్మా, ఎంత స్వచ్ఛమైనదైనా సరే. తేనె తీశాక మిగిలిన మైనాన్ని ఏం చేసుకోవాలో వచ్చేవారం చెప్తాను.