కుటుంబ పేజీ: గుడ్డమీద గీసిన యాత్ర



ఈ నెల ప్రసంగము కాదు, మా యింటి సంగతి ఒకటి వ్రాయుచున్నాను. గడచిన వేసవిలో మా పెద్దవాడు ఇంటర్ పరీక్షలో రెండు సబ్జెక్టులు తప్పాడు. వాడు తప్పినందుకంటె, "పాస్టరుగారి అబ్బాయి ఫెయిలయ్యాడట" అని సిద్దిపేటలో పదిమంది అనుకొందురేమోనన్న సిగ్గే నన్ను ఎక్కువగా బాధించినది. నోటికి వచ్చిన మాటలన్నీ అన్నాను. వాడు నాతో మాట్లాడుట మానివేశాడు. సాయంకాల ప్రార్థనకు వచ్చి గోడవైపు చూచుచు కూర్చుండేవాడు.

మా యింట్లో అందరికీ ఇష్టమైన కథాపుస్తకము ‘యాత్రికుని ప్రయాణము’. ఇంగ్లండు దేశస్థుడైన జాన్ బన్యన్ వ్రాసిన ఈ పుస్తకము 1678లో అచ్చయినది. ఆయన పెద్ద చదువులు చదివినవాడు కాడు. తండ్రివలెనే గిన్నెలకు మాట్లు వేసి బ్రదికినవాడు. అనుమతి లేకుండ వాక్యము ప్రకటించినందుకు 1660 నుండి 1672 వరకు చెరసాలలో ఉన్నాడు. అక్కడ తన చేతులతో లేసులు చేసి, చూపులేని కుమార్తెతో సహా కుటుంబమును పోషించుకొన్నాడు. చేతిపనిని ఆయన చిన్నతనముగా ఎంచలేదు.

ఈ కథను బొమ్మలుగా గీద్దామని మా చిన్నమ్మాయి అడిగినది. అప్పుడు నా భార్యకు చేర్యాల పటములు గుర్తుకు వచ్చినవి. 2016లో క్రొత్త జిల్లాలు ఏర్పడినప్పటి నుండి చేర్యాల మా సిద్దిపేట జిల్లాలోనిదే. అక్కడి నకాషీ చిత్రకారులు పొడవైన గుడ్డమీద వరుసగా గడులు గీసి కథంతా బొమ్మలలో చూపుదురు. పూర్వము కథ చెప్పువారు ఆ పటమును ఊరూరికి మోసికొనిపోయి, కొంచెము కొంచెముగా విప్పుచు పాడి వినిపించేవారు. "మన పుస్తకమును కూడ అట్లే పటము చేద్దాము" అన్నది నా భార్య.

మీరును చేసికొనవచ్చును గనుక విధానము చెప్పుచున్నాను. మూరెడు వెడల్పు, ఐదు మూరల పొడవు గల ఖద్దరు గుడ్డ తీసికొనండి. చింతగింజలను వేయించి, పొట్టు తీసి, రాత్రంతా నానబెట్టి, మెత్తగా రుబ్బి ఉడికించితే జిగురు వచ్చును. అందులో బియ్యపు గంజి, జల్లించిన సుద్దమట్టి, తుమ్మబంక నానిన నీళ్లు కలిపి, గుడ్డమీద పలుచగా మూడు పూతలు పూయవలెను. ఆరిన తరువాత పెన్సిలుతో ఏడు గడులు గీచి, నడుమ పూలతీగ అంచు వేయండి. చేర్యాల వారివలె వెనుక భాగమంతా ఎరుపు రంగు నింపండి. పోస్టరు రంగులు చాలును. చివరకు రెండు కొనలకు వెదురు బద్దలు కుట్టవలెను.

నేను తొందరపడి మొదటి పూత పచ్చిగా ఉండగానే రెండవది దట్టముగా పూశాను. మరునాడు చుట్టబోతే పటమంతా చిట్లిపోయినది. దూరముగా కూర్చున్న మావాడు పదిదినముల తరువాత మొదటిసారి నాతో నోరు విప్పాడు. "మొదటిది ఆరకముందే ఇంకోటి ఏస్తే పగలదా నాన్నా?" అన్నాడు. వాడు గుడ్డ గురించే అన్నాడు. నాకు మాత్రము ఆ పదిదినములలో వాని మీద పోసిన మాటలన్నీ గుర్తుకు వచ్చినవి.

వాడే క్రొత్త గుడ్డ తెచ్చి పూతలు పూశాడు. నాశనపురము, ఊబి, ఇరుకు ద్వారము, భారము జారిపోయిన సిలువ, మాయా సంత, సందేహ దుర్గము, నది అవతలి పట్టణము, ఇవి మా ఏడు గడులు. ఆరవది నాకివ్వుమని వాడే అడిగాడు. ఆ దుర్గములో నిరాశ అను రాక్షసుడు యాత్రికులను బంధించి, కొట్టును. తలుపు తెరచు తాళపుచెవి వాగ్దానము. అది యాత్రికుని రొమ్ముననే ఉన్నది, అతడే మరచిపోయాడు.

రంగులు వేయుట ముగిసినాక చూస్తే, ఆ రాక్షసునికి నా మీసములు, నా కళ్ళద్దాలు ఉన్నవి. చిన్నది పకపక నవ్వినది. నాకు నవ్వు రాలేదు. ఆ రాత్రి ప్రార్థనకు ముందు, అందరి యెదుట, "తప్పు నాదిరా, నీ మార్కులకంటె నా పేరే చూసుకొన్నాను, క్షమించు" అన్నాను. వాడు తలవంచుకొన్నాడు, ఏమియు అనలేదు. ఉదయము లేచి చూతునుగదా, కళ్ళద్దాల మీద ఎర్రరంగు పూసి ఉన్నది. మీసములు మాత్రము అట్లే ఉంచాడు.

ఆ పటమును ప్రక్క గ్రామపు సంఘములో వ్రేలాడదీసి, మా చిన్నది పుల్లతో చూపుచు కథ చెప్పినది. చదువురాని ఒక పెద్దమ్మ నాలుగవ గడి దగ్గరకు వచ్చి, "బిడ్డా, ఆ మూట ఈడనే పడ్డదా?" అని వ్రేలితో తాకి చూసినది. నా ప్రసంగములు విని ఆమె ఎన్నడూ అట్లు అడుగలేదు.

మావాడు సప్లిమెంటరీలో ఒక సబ్జెక్టు గట్టెక్కాడు, ఒకటి మిగిలినది. మరల చదువుచున్నాడు. ఇప్పుడు ప్రార్థనలో గోడవైపు చూచుటలేదు.

తల్లిదండ్రులారా, ఈ సెలవులలో పిల్లలతో కలిసి ఒక పటము గీయండి. వారు గీసిన బొమ్మలో మీ ముఖము ఎక్కడ ఉన్నదో చూచుకొనండి. ఒక పూత ఆరువరకు ఓపిక పట్టండి. ప్రభువు మీ కుటుంబములను దీవించును గాక. ఆమేన్.