రిపోర్టులో బ్యాక్టీరియా ఉంది.. మరి జబ్బు ఉందా?

గత నెల ఆఫీసు మీటింగ్‌లో ఉండగా ఫోన్‌కి ఒక పీడీఎఫ్ వచ్చింది. మా చిన్ని ల్యాబ్ రిపోర్ట్. చిన్ని అంటే మా లాబ్రడార్, నాలుగేళ్లది. క్రాసింగ్‌కి మాట్లాడుకున్న మగకుక్క ఓనర్ 'ముందు యోని స్వాబ్ టెస్ట్ చేయించండి' అంటే చేయించాం. రిపోర్టులో ఒక పేరు కనిపించింది: ఇ.కోలి.

ఆ పేరు చూస్తే నాకు రాణి గుర్తొస్తుంది. నేను ఇంటర్ చదివేటప్పుడు మా ఇంట్లో ఉండేది. హీట్ అయిపోయిన నెలకి నీళ్లు తెగ తాగడం మొదలుపెట్టింది. ఎండలు కదా అనుకున్నాం. తిండి మానేసింది. అరగలేదేమో అనుకున్నాం. డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లేసరికే ఆలస్యమైపోయింది. గర్భసంచి నిండా చీము. దాన్ని పయోమెట్రా అంటారని, అందులో ఎక్కువగా దొరికేది ఇ.కోలియేనని ఆ తర్వాత చదివి తెలుసుకున్నా.

అమ్మ కూడా రాణినే తలచుకున్నట్టుంది. 'యాంటీబయాటిక్ ఏదో తెచ్చి వెంటనే వేసేద్దాం రా' అంది. ఏ మందు పనిచేస్తుందో రిపోర్టులోనే లిస్ట్ ఉంది. మెడికల్ షాపు వీధి చివరే. అయినా చిన్నిని తీసుకుని డాక్టర్ గారి దగ్గరికి వెళ్లా.

ఆవిడ రిపోర్ట్ పక్కన పెట్టి ముందు చిన్నిని చూశారు. జ్వరం లేదు, చీము లేదు, తిండి బాగానే తింటోంది. స్కాన్‌లో గర్భసంచి కూడా మామూలుగానే ఉంది.

'మందులేం వద్దు బాబూ.'

'మరి ఇ.కోలి ఉంది కదండీ?'

'ఉంటుంది.'

ఆరోగ్యంగా ఉన్న ఆడకుక్క యోనిలో బ్యాక్టీరియా ఉండటం మామూలే అని ఆవిడ చెప్పారు. ఇ.కోలి, స్ట్రెప్టోకాకస్, స్టెఫిలోకాకస్, పాశ్చురెల్లా, మైకోప్లాస్మా.. ఇలా రకరకాలవి కలిసి ఉంటాయి. ఆడవాళ్లలో సాధారణంగా లాక్టోబాసిల్లస్‌దే రాజ్యం. కుక్కల్లో అలా కాదు. అందుకే మనుషుల లెక్కతో కుక్క రిపోర్ట్ చదివితే కంగారే మిగులుతుంది.

మరి రాణికి ఏమైంది? హీట్‌లో గర్భసంచి ముఖద్వారం తెరుచుకుంటుంది. అప్పుడు యోనిలోని బ్యాక్టీరియా పైకి ఎక్కుతుంది. ఆరోగ్యంగా ఉన్న గర్భసంచి దాన్ని బయటికి నెట్టేస్తుంది. ఆ తర్వాత, కడుపుతో ఉన్నా లేకపోయినా, దాదాపు రెండు నెలలు ప్రొజెస్టరాన్ హార్మోన్ ఎక్కువగా ఉంటుంది. గర్భసంచి లోపలి పొర మందమవుతుంది, ద్వారం మూసుకుంటుంది, అక్కడ రోగనిరోధక శక్తి తగ్గుతుంది. లోపల మిగిలిపోయిన బ్యాక్టీరియాకి అదే అదను. చిన్నిలో ఉన్నదీ, రాణిని తీసుకెళ్లిందీ ఒకే రకం బ్యాక్టీరియా కావచ్చు. తేడా అంతా గర్భసంచి పరిస్థితిలో ఉంది.

మా ఉద్యోగంలోనూ ఇంతే. లాగ్‌లో వార్నింగ్ కనిపించిన ప్రతిసారీ సర్వర్ ఆపేస్తే పనే జరగదు. పైగా ఊరికే యాంటీబయాటిక్ వేస్తే మామూలు బ్యాక్టీరియా పోయి, మందుకు లొంగనివి పాతుకునే ప్రమాదం ఉంది. కోర్సు ఆపాక బ్యాక్టీరియా ఎలాగూ మళ్లీ చేరుతుంది.

క్రాసింగ్‌కి ముందు తప్పకుండా చేయించాల్సింది బ్రూసెల్లా రక్తపరీక్ష అన్నారు డాక్టర్ గారు. అది గర్భస్రావాలు చేయిస్తుంది, మనుషులకూ అంటుకోగలదు. మగకుక్కకి కూడా చేయించమని ఆ ఓనర్‌కి చెప్పా.

మీ ఇంట్లో ఆపరేషన్ చేయించని ఆడకుక్క ఉంటే, హీట్ అయ్యాక రెండు నెలలు కనిపెట్టుకుని ఉండండి. నీళ్లు ఎక్కువ తాగడం, మాటిమాటికీ మూత్రం, నీరసం, వాంతులు, తిండి మానేయడం, చీము కారడం.. ఏది కనిపించినా అదే రోజు డాక్టర్ దగ్గరికి వెళ్లండి. చీము బయటికి రాకుండా లోపలే ఉండిపోతే ఇంకా ప్రమాదం. పిల్లలు వద్దనుకుంటే గర్భసంచి, అండాశయాలు తీసే ఆపరేషన్ చేయించేస్తే ఈ భయమే ఉండదు.

చిన్ని హీట్ తేదీ ఇప్పుడు నా ఫోన్ క్యాలెండర్‌లో ఉంది. అక్కడి నుంచి రెండు నెలలు రోజూ రాత్రి ఒక అలారం మోగుతుంది: 'నీళ్ల గిన్నె చూడు'. రాణి అప్పుడు రోజూ గిన్నె ఖాళీ చేసేది. మేమే నింపి పెట్టేవాళ్లం.