బతికుండగానే దయ్యాల్ని చేశాం

కృష్ణా డెల్టాలో దయ్యం లేని ఊరు లేదు. బందరు కాలువ లాకుల దగ్గర ఒకటి, రైవస్ కాలువ గట్టున చింతచెట్టు మీద ఒకటి, ఊరిచివర పూడిపోయిన బావిలో ఒకటి. ఆరుబయట మంచాల మీద పడుకుని ఈ కథలు విననివాళ్లు మా తరంలో ఉండరు. అప్పుడు విన్న దయ్యాలు ఎవరెవరో ఇప్పుడు తలుచుకుంటుంటే కడుపు రగిలిపోతోంది. కానుపులో ప్రాణం పోయిన పిల్ల. ఆరళ్లు పడలేక బావిలో దూకిన కోడలు. మొగుడు పోయాక ఊరంతా దూరం పెడితే పాకలో ఒంటరిగా చచ్చిపోయిన ముసలామె. ఆడపిల్లలా నడుస్తున్నాడని కన్నతండ్రే గెంటేసిన కుర్రాడు. నేను విన్నవాటిలో ఒక్క దయ్యమైనా వంద ఎకరాల ఆసామిది కాదు, ఊరి పెద్దది కాదు. ఊరు ఎవరి ఉసురు పోసుకుందో వాళ్లే దయ్యాలయ్యారు. మనం మాత్రం ఆ కథలో దయ్యానికి భయపడ్డాం. ఊరిని చూసి భయపడాలని మనకెవరూ చెప్పలేదు.

చెప్పాల్సినవాళ్లు రచయితలు. నా కోపం ముందు వాళ్ల మీదే.

తెలుగులో దయ్యాల సాహిత్యానికి పాఠకుల కొరత ఎన్నడూ లేదు. 1980ల మొదట్లో ఆంధ్రభూమి వారపత్రికలో యండమూరి వీరేంద్రనాథ్ ‘తులసిదళం’ వస్తుంటే వారం వారం కొట్ల దగ్గర కాచుకున్న జనాన్ని ఆనాటివాళ్లు ఇప్పటికీ తలుచుకుంటారు. కాష్మోరా అన్న పేరు చదువురాని ఇళ్లలో కూడా తెలిసిపోయింది. ఆ ఊపులో ఎన్ని క్షుద్ర నవలలు వచ్చాయో, విజయవాడ ఏలూరు రోడ్డు పుస్తకాల కొట్లలో ఎన్ని కట్టలు అమ్ముడయ్యాయో లెక్క చెప్పేవాళ్లు లేరు. వాటిలో చాలావాటి కథ ఒక్కటే. చేతబడి నిజం. చేసేవాడు మనవాడు కాదు, ఏ అడవి పల్లెవాడో, ఏ శ్మశానంలో బతికేవాడో. బాధపడేది మాత్రం పట్నంలో మేడలో ఉండే మన కుటుంబం. మనలా లేనివాడే మన పిల్లల్ని చంపుతాడన్న భయాన్ని అద్దె పుస్తకాల షాపుల ద్వారా ఇంటింటికీ పంచాం. అదే చేతబడి నెపం మోసి, చెట్టుకు కట్టించుకుని, పళ్లు ఊడగొట్టించుకున్న మనిషి వైపు నుంచి అంతటి ఉత్కంఠతో, అంతటి ఆదరణతో వచ్చిన నవల ఏదని అడిగితే నాకు పేరు తట్టడం లేదు. నలభై ఏళ్లు గడిచాయి. మనకు సిగ్గు లేదా?

2023లో ‘విరూపాక్ష’ సినిమా వచ్చింది. మొదట్లోనే ఒక ఊరు ఊరంతా కలిసి, చేతబడి చేస్తున్నారని ఒక జంటను సజీవంగా తగలబెడుతుంది. వాళ్ల బిడ్డ మిగులుతుంది. ఇంతకంటే గొప్ప అవకాశం ఏ కథకుడికైనా దొరుకుతుందా? ఊరు చేసిన హత్యను పన్నెండేళ్ల తర్వాత ఊరి ముందే పెట్టి లెక్క అడగొచ్చు. కాని సినిమా ఆ దారి పట్టలేదు. చేతబడి నిజమని తేల్చింది, ఆ బిడ్డ పగనే ఊరికి పట్టిన పీడగా చూపించింది. మనిషిని కాల్చినవాళ్ల చేతులు కడిగి పంపేసింది. చూసినవాళ్లు భలే తీశారన్నారు. తగలబెట్టిన వాళ్లలో ఒక్కరినీ ఏ న్యాయస్థానం ముందూ నిలబెట్టలేదేమని ఎవరికీ అనుమానమే రాలేదు.

ఆ సినిమా కథ జరిగేది 1991లో. అదే 1991లో మన డెల్టాలో నిజంగా ఏం జరిగిందో తెలుసు కదా?

కృష్ణా పశ్చిమ డెల్టాలో, తెనాలి దాటాక, చుండూరు. అక్కడ చేతబడి లేదు, మంత్రం లేదు. సినిమాహాల్లో ఒక దళిత విద్యార్థి కాలు ముందు సీట్లో కూర్చున్న అగ్రకులం కుర్రాడికి తగిలింది. అంతే. దానికి కొట్లాట, ఆ తర్వాత వెలి. పొలం పనులు బంద్. తరతరాలుగా తమ చేలల్లో నాట్లు వేసినవాళ్లను ఊరు ఒక్కసారిగా ముట్టుకోకూడని పీడగా చూసింది. ఆగస్టు 6న దళితుల్ని పొలాల్లోకి తరిమి ఎనిమిదిమందిని నరికి చంపారు. శవాల్ని గోనెసంచుల్లో కుక్కి తుంగభద్ర డ్రెయిన్లో, కాలువలో పడేశారు. వరిపైరుకు నీళ్లు తెచ్చే కాలువ అది. ఆ నీళ్లతో పండిన బియ్యమే మనం తిన్నాం.

అక్కడ దళితులు చేసిన పని ఏ దయ్యాల కథా ఊహించనిది. చనిపోయినవాళ్లను ఊరి బయటికి మోసుకుపోలేదు. ఊరి నడిబొడ్డునే పాతిపెట్టి ఆ చోటికి రక్తక్షేత్రమని పేరు పెట్టారు. మా చావును దాటుకోకుండా మీరు బజారుకు కూడా వెళ్లలేరని ఊరితో అన్నారు. ప్రత్యేక కోర్టు కూడా చుండూరులోనే పెట్టించుకున్నారు. పదహారేళ్లకు, 2007 జులై 31న తీర్పు వచ్చింది: 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది జైలు. 2014 ఏప్రిల్ 22న హైకోర్టు, సాక్ష్యాలు చాలవంటూ, అందరినీ వదిలేసింది. ఎనిమిదిమందిని చంపింది ఎవరూ కాదన్నమాట! వాళ్లను ఏ గాలో పట్టి చంపిందని నమ్మాలన్నమాట! ఆ రోజు డెల్టా ఊళ్లలో దుకాణాలు ఎప్పటిలాగే తెరుచుకున్నాయి, బస్సులు ఎప్పటిలాగే నడిచాయి. నాకు ఆ తీర్పు కంటే ఆ మామూలు రోజే ఎక్కువ భయం పుట్టించింది.

చేతబడి హత్యల మాట ఎత్తితే డెల్టావాళ్లు చెప్పే సమాధానం నాకు కంఠస్థం. అవన్నీ తెలంగాణ పల్లెల్లో, ఏజెన్సీలో జరుగుతాయండీ, మన దగ్గర చదువుకున్నవాళ్లం అంటారు. 2019 సెప్టెంబరులో హైదరాబాద్‌ను ఆనుకుని ఉన్న శామీర్‌పేట మండలం అద్రాస్‌పల్లిలో ఒకామె చనిపోతే, ఒక యువకుడు చేతబడి చేయడం వల్లే పోయిందని అతణ్ణి చంపి ఆమె చితి మీదే వేశారు. 2022 జనవరిలో జగిత్యాలలో, కుల సంఘం సమావేశం జరుగుతుండగా, అందరి కళ్లముందే తండ్రినీ ఇద్దరు కొడుకులనూ పొడిచి చంపారు. కారణం మళ్లీ చేతబడి అనుమానమే. చదువు మాటకొస్తే, 2021 జనవరిలో మదనపల్లెలో ఎదిగిన ఇద్దరు కూతుళ్లను మళ్లీ బతికొస్తారన్న నమ్మకంతో చంపుకున్న తల్లిదండ్రులు ఇద్దరూ పాఠాలు చెప్పేవాళ్లే. ఏ చదువు గురించి మనం ఇంత ధీమాగా మాట్లాడుతున్నాం?

మ్యాప్ ముందు పెట్టుకుని చూడండి. ఛత్తీస్‌గఢ్‌లో టోనహీ (మంత్రగత్తె) అని ముద్ర వేసి వేధించేవాళ్లను శిక్షించే చట్టం 2005లోనే వచ్చింది. ఒడిశాలో 2013లో. పుణేలో, మూఢనమ్మకాలపై పోరాడిన నరేంద్ర దాభోల్కర్‌ను 2013 ఆగస్టు 20న కాల్చి చంపాక, అదే ఏడాది మహారాష్ట్రలో. కర్ణాటకలో 2017లో. మన రెండు రాష్ట్రాల చుట్టూ తమిళనాడు తప్ప ఇరుగుపొరుగంతా చట్టం చేసుకున్నారు. మధ్యలో మనం, రెండు అసెంబ్లీలు పెట్టుకుని, ఒట్టి చేతులతో కూర్చున్నాం. 2015లో ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టాన్ని సవరించినప్పుడు చేతబడి నెపంతో వేధించడాన్ని నేరంగా చేర్చారు. మంచిదే. కాని బాధితులు ఆ వర్గాలవాళ్లయితేనే అది వర్తిస్తుంది. వేధించినవాళ్లు కూడా ఆ వర్గాలవాళ్లే అయితే వర్తించదు. ఏ బీసీ వితంతువు మీదో ఊరు నింద వేస్తే ఆమె స్టేషన్‌కి వెళ్లి ఏ సెక్షన్ కింద ఫిర్యాదు చేయాలి? చంపేదాకా ఆగి, చంపాక హత్య కేసు పెడతారు. అప్పటిదాకా అది ఊళ్లో మాటామాటా అనుకున్న తగాదా, అంతే.

చట్టం చేస్తే మూఢనమ్మకం పోతుందా అని అడిగే పెద్దమనుషులున్నారు. నమ్మకం సంగతి తర్వాత చూద్దాం. ఒక మనిషి ఇంటి ముందు పదిమంది చేరి నువ్వే మా పిల్లని చంపావని అరిచిన మొదటిరోజే పోలీసు రావాలి. అరిచినవాళ్ల మీద కేసు పడాలి. నింద వేయడమే నేరమని మహారాష్ట్ర చట్టంలో రాసుకున్నారు. ఆ ఒక్క వాక్యం మన దగ్గర ఉంటే జగిత్యాలలో ముగ్గురి గురించి అనుమానం పుట్టిన నాడే ఎవరో ఒకరు ఆపడానికి దారి ఉండేది.

భయపెట్టే కథ జనం మనసు మార్చలేదనీ కాదు. 2011లో రాఘవ లారెన్స్ ‘కాంచన’ వచ్చినప్పుడు థియేటర్లు ఊగిపోయాయి. ఇంట్లోంచి గెంటేసిన హిజ్రా, తనలాంటి మరో పిల్లను డాక్టరు చదివించుకుంటే, భూమి కోసం చంపేస్తారు. ఆ ఆత్మ పగ తీర్చుకుంటుంటే జనం ఈలలేశారు, కళ్లు తుడుచుకున్నారు. దయ్యం వైపు నుంచి కథ చెబితే తెలుగువాళ్లు వింటారని అప్పుడే తేలిపోయింది. మరి ఆ ఈలలు వేసినవాళ్లం ఏం చేశాం? విజయవాడ స్టేషన్ దాటాక రైల్లో చప్పట్లు వినపడగానే నిద్రపోతున్నట్టు కళ్లు మూసుకుంటున్నాం. సింగ్‌నగర్‌లోనో పటమటలోనో హిజ్రాలు గది అద్దెకు అడిగితే తలుపేసుకుంటున్నాం. వాళ్లను మూడో లింగంగా గుర్తించాలని సుప్రీంకోర్టు 2014 ఏప్రిల్ 15న చెప్పింది. 2019లో పార్లమెంటు చట్టం చేసింది. అందులో ట్రాన్స్‌జెండర్ మీద లైంగిక దాడికి రాసిన గరిష్ఠ శిక్ష రెండేళ్లు. రెండేళ్లు! తెరమీద ఆత్మగా వస్తే మనకు హీరో. తెర దిగి మనిషిగా ఎదురుపడితే ఆమె ఒంటికి మనం కట్టిన విలువ అది.

ఇలాంటి కథకు తెలుగులో పునాది లేదని ఎవరూ అనలేరు. వినుకొండ బిడ్డ గుర్రం జాషువా 1941లోనే ‘గబ్బిలం’ రాశాడు. గుడిలో అడుగుపెట్టే హక్కు లేని మనిషి, గుడిలో తలకిందులుగా వేలాడే హక్కున్న గబ్బిలంతో కాశీ విశ్వేశ్వరుడికి తన గోడు చెప్పి పంపుతాడు. ఇంట్లోకి వస్తే అపశకునమని మనం చీపురు తిప్పి తరిమే జీవి అది. అంటరాని మనిషి, అశుభమన్న ప్రాణి. ఊరు భయపడే ఇద్దరినీ కూర్చోబెట్టి మాట్లాడించాడు. ఆ దారిలో వెనకాల నడిచిన వచన రచయితలు ఎంతమంది?

బతుకులో నడిచినవాళ్లు మాత్రం ఈ గడ్డ మీదే ఉన్నారు. గోరా, సరస్వతీ గోరా దంపతులు 1940లో ముదునూరులో నాస్తిక కేంద్రం పెట్టారు, 1947లో విజయవాడ పటమటకు మార్చారు. దయ్యాల కొంపలని పేరుపడ్డ ఇళ్లలో కాపురం చేశారు. గర్భిణిగా ఉండి సరస్వతి గ్రహణం వేళ బయట తిరిగారు. నిప్పుల మీద నడకలో మహిమ లేదని జనం ముందు నడిచి చూపించారు. పెద్ద కూతురు మనోరమను దళిత యువకుడికిచ్చి 1948 మార్చిలో సేవాగ్రామ్‌లో పెళ్లి చేశారు. తానే దగ్గరుండి చేయిస్తానన్న గాంధీ అప్పటికి హత్యకు గురయ్యారు. జాషువా కూతురు హేమలత 1960లో ఆ ఇంటికే కోడలై వచ్చి, దొంగల ఊరని ముద్ర వేసి బ్రిటిష్‌వాళ్లు కంచె కట్టిన స్టూవర్టుపురంలో మనుషుల్ని మనుషులుగా చూపించడానికి ఏళ్లూ పూళ్లూ పనిచేసింది. 1980లలో మెదక్ జిల్లా ఊళ్లలో బాణామతి భయం పాకితే ఆ కేంద్రం నుంచే వైద్యులు, కార్యకర్తలు వెళ్లి ఇంటింటా కూర్చుని అది రోగమో భయమో పరీక్షించి చెప్పారు. విజయవాడ వాళ్లకు దణ్ణం పెట్టి పక్కన కూర్చోబెట్టింది. వాళ్లున్నారులే అని మిగతావాళ్లం చేతులు దులుపుకున్నాం.

విజయవాడలో 1989 నుంచి పుస్తక మహోత్సవం జరుగుతోంది. ఎన్నో ఏళ్లు అది జరిగిన స్వరాజ్ మైదానంలో ఇప్పుడు 125 అడుగుల అంబేడ్కర్ విగ్రహం ఉంది. రచయితలారా, సంపాదకులారా, వచ్చే సంబరానికి ఒక్క నవలిక తీసుకురండి. వంద పేజీలు చాలు. చుండూరు లాంటి ఊరు. నడిబజారులో పాతిపెట్టిన ఎనిమిదిమంది రాత్రిళ్లు లేచి ఇంటింటి తలుపూ కొట్టి, ఆ రోజు నువ్వెక్కడున్నావు, ఎందుకు నోరు విప్పలేదని అడగాలి. ఒక్కొక్క తలుపు వెనకా ఎవరో ఒకరు జవాబు చెప్పుకోవాలి. దాన్ని చదివి డెల్టాలో ఒక్క రాత్రయినా నిద్ర పట్టకూడదు.

అమరావతిలో, హైదరాబాద్‌లో ఉన్న శాసనసభ్యులారా, మీకు ఆ కష్టం కూడా లేదు. ముసాయిదా కొత్తగా రాయక్కర్లేదు. మహారాష్ట్రదీ, కర్ణాటకదీ బల్ల మీద పెట్టుకుని మన ఊళ్లకు తగ్గట్టు దిద్దుకుంటే సరిపోతుంది. ఇంకెంతమంది చితి మీద కాలితే ఆ కాగితం మీ సభ ముందుకు వస్తుంది?