సార్‌కి ఫోన్ ఇవ్వండి మేడమ్!

మా అబ్బాయి మొదటి జీతంతో ఒక ఎస్ప్రెస్సో మెషిన్ కొని పంపాడు. మాదేమో ఫిల్టర్ కాఫీ కొంప. రాత్రి డికాషన్ వేస్తేగాని నాకు నిద్ర పట్టదు. "ఎందుకురా ఇంత డబ్బు తగలేశావు" అని సణుగుతూనే దానికీ అలవాటు పడ్డాం. పండక్కి వచ్చినప్పుడు వాడు నా చేతికి కాఫీ అందించేది దాంతోనే మరి.

మూడేళ్ళకి అది మొరాయించింది. మోటారు మోత వస్తోంది గాని కాఫీ మాత్రం చుక్క చుక్కగా పడుతోంది. కొన్నాళ్ళకి పొడి గిన్నె బిగించే చోట పక్కల నుంచి నీళ్ళు కారడం మొదలైంది. సర్వీసు వాళ్ళకి ఫోన్ చేశాను. నేను చెప్పింది సగం విన్నాడో లేదో, "సార్ ఉంటే ఫోన్ ఇవ్వండి మేడమ్" అన్నాడు.

దాన్ని రోజూ వాడేది నేను, కడిగేది నేను. ఏ రోజు ఎలా మోగిందో చెప్పగలిగేదీ నేనే. మా వారికి దాని స్విచ్చి ఎక్కడుందో కూడా తెలీదు! అయినా ఇచ్చాను. ఆయన ఊఁ కొట్టి పెట్టేసి, "లోపల ఏదో పోయిందట. కొత్తదాని ధరలో సగం అవుతుందట. తీసేద్దాంలే" అన్నారు.

తీసేయడానికి నాకు మనసొప్పలేదు. మెషిన్‌తో వచ్చిన పుస్తకం వెతికి తీశాను. నాలుగు వీడియోలు చూశాను. తీరా చూస్తే అందులో బ్రహ్మవిద్య ఏమీ లేదు. 90 డిగ్రీలు దాటిన నీళ్ళని దాదాపు 9 బార్ల ఒత్తిడితో మెత్తటి పొడిలోంచి పంపడమే దాని పని. ఒత్తిడి బయటికి పోకుండా పైన ఒక రబ్బరు గాస్కెట్ ఉంటుంది. వేడికి అది గట్టిపడితే పక్కల నుంచి కారుతుంది. ఇది మనకి తెలియనిదా? కుక్కర్ పక్కనుంచి ఆవిరి పోతుంటే గాస్కెట్ మార్చాలని ఏ ఇల్లాలికి చెప్పాలి?

ఇక చుక్కలుగా పడటానికి కారణం మా బోరు నీళ్ళు. బకెట్లకి తెల్లటి చారలు కట్టే నీళ్ళు, గీజర్ కాయిల్‌కి సున్నంలా పేరుకునే నీళ్ళు, ఈ సన్నటి గొట్టాలని మాత్రం వదులుతాయా?

ఆదివారం మధ్యాహ్నం ప్లగ్ పీకేసి, పూర్తిగా చల్లారనిచ్చి, ఆవిరి నాబ్ తిప్పి లోపల ఒత్తిడి లేదని చూసుకుని మొదలుపెట్టాను. ఇంటర్ చదివే మా అమ్మాయి సెల్‌ఫోన్ లైటు పట్టుకుంది. జల్లెడలాంటి రేకుకి ఉన్న ఒక్క స్క్రూ విప్పితే వెనక మూడేళ్ళ కాఫీ జిడ్డు నల్లగా కనిపించింది. గాస్కెట్ ప్లాస్టిక్‌లా బిగుసుకుపోయి ముక్కలుగా ఊడింది. జిడ్డంతా తోమి, కొత్త గాస్కెట్ తెప్పించి వేస్తే పిడి తిరగనే లేదు. మందం ఎక్కువైంది! మా అమ్మాయి జామెట్రీ బాక్సులోని స్కేలుతో పాత ముక్కల్ని కొలిచింది. ఆ కొలతకి ఇంకొకటి తెప్పించాం. మొదటే కొలవాల్సింది. ఆ డబ్బులు దండగ.

రెండోది సరిపోయింది. తర్వాత లీటరు నీళ్ళలో 20 గ్రాముల నిమ్మఉప్పు కలిపి ట్యాంకులో పోశాం. సగం నడిపి, ఇరవై నిమిషాలు ఆపి, మిగతాది నడిపాం. ఆపైన మూడు ట్యాంకుల మంచినీళ్ళు పోనిచ్చాం. మీరు చేసేముందు మీ మెషిన్ పుస్తకంలో నిమ్మఉప్పు వాడొచ్చని ఉందో లేదో చూసుకోండి. వైర్లు, సర్క్యూట్ బోర్డు జోలికి మాత్రం నేను పోలేదు. అది నేర్చినవాళ్ళ పని. వాళ్ళ విద్యని నేను తక్కువ చేయడం లేదు.

పక్కింటి వదినగారు విని, "ఉన్న చాకిరీ చాలక ఇదొకటా?" అన్నారు. ఆవిడ మాటలో నిజం ఉంది. మనకి ఒక పని వచ్చని తెలిస్తే అది మన నెత్తినే పడుతుంది. అందుకే మా ఇంట్లో ఒక షరతు పెట్టాను. నెలకోసారి ఆ రేకు విప్పి కడిగేది మా వారు. ఎలాగో నేనే నేర్పాను. అబ్బాయి వస్తే నిమ్మఉప్పు పని వాడిదే. నేర్చుకోవడం వేరు, ఒక్కరే మోయడం వేరు.

నా బాధల్లా డబ్బు గురించి కాదు. ఇంట్లో యంత్రాలన్నీ ఆడవాళ్ళ చేతుల మీదుగానే నడుస్తాయి. పాడైతే మాత్రం విప్పే అధికారం మనకి లేదన్నట్టు ఉంటుంది. మనం కుక్కర్‌కి గాస్కెట్ మార్చినా, మిక్సీ జారుకి బుష్ మార్చినా దాన్ని ఎవరూ రిపేరు అనరు. వంటింటి పని అంటారంతే. మనమూ అలాగే అనుకున్నాం. ఎన్నేళ్ళుగానో చేస్తున్న పనికి మనమే పేరు పెట్టుకోలేదు.

2022 డిసెంబర్‌లో కేంద్ర ప్రభుత్వం 'రైట్ టు రిపేర్' అని ఒక పోర్టల్ మొదలుపెట్టింది. కంపెనీల రిపేరు సమాచారం, విడిభాగాల వివరాలు ఒకచోట దొరకాలని. మంచిదే. కానీ ఆ హక్కు ఇంట్లో ఎవరిది? ఫోన్ అందుకున్న సార్‌దేనా?

మా స్క్రూడ్రైవర్ ఇదివరకు మా వారి అల్మారాలో, పైఅరలో ఉండేది. ఇప్పుడు వంటింట్లో, గరిటెల సొరుగులో ఉంది. ఈసారి ఎవరైనా "సార్‌కి ఇవ్వండి" అంటే, "విప్పి చూసింది నేను, నాతోనే చెప్పండి" అంటాను.

మరి మీ ఇంట్లో స్క్రూడ్రైవర్ ఎక్కడుంటుంది?